తొలి అక్షరం పడేదాకా: వెంటనే తెరుచుకునే కంప్యూటర్ చిట్టా

దుకాణం బల్ల మీదనో, రైతు సేవా కేంద్రంలోనో, ఇంటి వసారాలోనో ఉన్న కంప్యూటరులో ఒక చిన్న విషయం రాసి పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, యంత్రం ఆన్ కావడానికి పట్టినంతసేపు అన్న జవాబే చాలామంది నుంచి వస్తుంది. ఆ లెక్కలో సగం పని మాత్రమే ఉంది. మీట నొక్కాక తెర వెలగాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, తెర మీది బొమ్మలు కుదురుకోవాలి, రాసే ప్రోగ్రాము తెరవాలి, కీబోర్డును తెలుగులోకి మార్చాలి. ఇన్ని మెట్లు దిగితే గానీ మొదటి అక్షరం పడదు. విషయం మనసుకు తట్టిన క్షణానికీ, దాని మొదటి తెలుగు అక్షరం తెర మీద కనిపించిన క్షణానికీ నడుమ గడిచే కాలాన్ని ఈ అధ్యాయంలో 'తొలి అక్షరం వ్యవధి' అందాం. కంప్యూటరు కొనేటప్పుడు గానీ, ఉన్నదాన్ని బాగు చేయించేటప్పుడు గానీ చూడవలసిన కొలత ఇదే. అమ్మకందారు చెప్పే ప్రాసెసరు వేగం ఈ వ్యవధిలో చాలా చిన్న భాగాన్నే తగ్గించగలదు.

పామిడిముక్కల మండలం ఉయ్యూరుకూ పామర్రుకూ నడుమ, విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారిని ఆనుకుని, కృష్ణా కాలువల కింద సాగే మాగాణి ప్రాంతం. మంటాడలోనైనా, తాడంకిలోనైనా, వీరంకిలాకులోనైనా ఖరీఫ్ వరి నూర్పిళ్లు జరిగే రోజుల్లో ఎరువుల కొట్టువారికీ, ధాన్యం లావాదేవీలు చూసేవారికీ, కౌలు రైతులకూ గంటకు పది కబుర్లు వస్తాయి. ఎవరి కల్లంలో ఎన్ని బస్తాలు, తేమ ఎంత చూపింది, గోనె సంచులు ఎన్ని తక్కువ పడ్డాయి, లారీ ఏ వేళకు వస్తానంది, కాలువ నీటి వంతు ఎప్పుడు అన్నవి వినేటప్పుడు గుర్తుంటాయనే అనిపిస్తుంది, తరువాతి ఫోను రాగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన ఉన్నందున, ఒక కల్లంలో చూపిన 17.6, మరో కల్లంలో చూపిన 16.7తో తారుమారైతే, ఆరిన ధాన్యం కల్లంలోనే ఉండిపోయి, ఆరనిది లారీ ఎక్కి వెనక్కి వస్తుంది. ఇటువంటి అంకెలకు ఓపిక లేదు. రెండు నిమిషాలు ఆగి రాయమంటే అవి మారిపోతాయి, లేదా చేతికందిన ఎరువుల బస్తా మీద రాయబడి ఆ బస్తాతోనే వెళ్లిపోతాయి.

పాత పద్దుల పద్ధతిలో ఈ చిక్కుకు విరుగుడు ఉండేది. చిట్టా అంటే ఆ రోజు జరిగిన లావాదేవీలను జరిగిన వరుసలోనే, వర్గీకరణ ఏదీ పెట్టుకోకుండా రాసుకునే దినవారీ పుస్తకం. ఆవర్జా అంటే వాటినే తరువాత తీరిక వేళలో మనుషుల వారీగా, పద్దుల వారీగా విడదీసి ఎక్కించే ఖాతా పుస్తకం. కొట్టు గుమాస్తా బేరం జరుగుతుండగా ఆవర్జా తెరిచి ఫలానా వారి పుట ఎక్కడుందని వెతికేవాడు కాదు. కంప్యూటరులో నోట్సు రాసుకోవాలని బయలుదేరినవారు మాత్రం తరచుగా ఆవర్జా వంటి సాఫ్ట్‌వేరును తెచ్చి చిట్టా స్థానంలో పెడుతున్నారు. అది తెరుచుకోగానే ఏ ఫోల్డరులో, ఏ శీర్షిక కింద, ఏ రంగుతో అని అడుగుతుంది, ఆపైన ఇంటర్నెట్టుతో సరిచూసుకోవడానికి మరికొంత సమయం తీసుకుంటుంది. అటువంటి సాఫ్ట్‌వేరు చెడ్డదని కాదు. దాని పని సాయంత్రం మొదలవుతుంది. పగటి పనికి కావలసింది ఒకే ఒక్క చిట్టా, అందులో చివరి పంక్తి కింద ఖాళీ.

యంత్రం ఎందుకు ఆలస్యంగా మేలుకుంటుందో తెలిస్తే ఏ భాగం మీద డబ్బు పెట్టాలో, ఏ భాగాన్ని వదిలేయాలో తెలుస్తుంది. మీట నొక్కగానే ముందుగా పని మొదలుపెట్టేది మదర్‌బోర్డు మీది చిప్‌లో శాశ్వతంగా ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము. పాత యంత్రాల్లో దానిని బయోస్ అనీ, ఇటీవలివాటిలో యూఈఎఫ్ఐ అనీ పిలుస్తారు. అది మెమరీ, కీబోర్డు, డిస్కు వంటివి సరిగా ఉన్నాయో లేదో చూసి, డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టం మూలభాగాన్ని, అంటే కెర్నెల్‌ను, మెమరీలోకి ఎక్కించే ఏర్పాటు చేస్తుంది. ఆ తరువాత కెర్నెల్ తన కింద పనిచేసే పదుల కొద్దీ సేవలను ఒక్కటొక్కటిగా నిలబెడుతుంది. ఈ మొత్తం వరుసను బూట్ కావడం అంటారు. ఇందులో లెక్కలు చేసే పని తక్కువ, డిస్కు మీద అక్కడక్కడా చెల్లాచెదరుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్లను ఏరి తెచ్చే పని ఎక్కువ.

పాత డెస్క్‌టాపులూ ల్యాప్‌టాపులూ నెమ్మదించడానికి ముఖ్య కారణం అక్కడే ఉంది. హార్డ్ డిస్కు లోపల తిరిగే పళ్లెం ఉంటుంది; నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తి చేయడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది, చదివే ముల్లు సరైన చోటికి జరగడానికి మరికొంత కావాలి. కాబట్టి చెల్లాచెదరుగా ఉన్న చోట్లను చదవవలసి వచ్చినపుడు అటువంటి డిస్కు సెకనుకు నూరు లోపు చోట్లను మాత్రమే అందుకోగలదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగం ఏదీ లేదు, మెమరీ కార్డు మాదిరిగా అంతా చిప్‌లలోనే ఉంటుంది. అదే పనిని సెకనుకు వేలసార్లు చేయగలదు. దుకాణాల్లో ఎనిమిది, పదేళ్లుగా వాడుకలో ఉన్న కంప్యూటరుకు ప్రాసెసరు మార్పించడం వృథా. హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించి, మెమరీ 4 జీబీ మాత్రమే ఉంటే 8 జీబీకి పెంచడంతో కొత్త యంత్రం ఖరీదులో చిన్న భాగంతోనే వ్యవధిలో పెద్ద ముక్క కరిగిపోతుంది. మరమ్మతు చేసేవారు పాత డిస్కులోని ఫైళ్లను కొత్తదానిలోకి ఎక్కించి ఇస్తారు. ఆ పాత డిస్కును పారవేయకుండా భద్రపరచుకోవడం మంచిది.

డిస్కు మార్చినా నత్తనడక తగ్గకపోతే, యంత్రంతో పాటు తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములను చూడాలి. విండోసులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే తెరుచుకునే టాస్క్ మేనేజరులో స్టార్టప్ అనే విభాగం ఉంటుంది. ప్రింటరు సహాయకులు, వీడియో కాల్ సాఫ్ట్‌వేరు, ఎప్పుడో ఒకసారి వాడిన బిల్లింగ్ డెమో వంటివి అక్కడ వరుసగా కనిపిస్తాయి. వాటిని అక్కడ ఆపితే తొలగిపోవు, అవసరమైనపుడు మాత్రమే తెరుచుకుంటాయి. అదే విభాగంలో చాలా యంత్రాల్లో 'లాస్ట్ బయోస్ టైమ్' అని ఒక అంకె కూడా కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ తన పని ముగించడానికి ఎన్ని సెకన్లు తీసుకున్నదో ఆ అంకె చెబుతుంది. అది ఎక్కువగా ఉంటే విండోసును ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. ఫర్మ్‌వేర్ అమరికల్లో బూట్ వరుస మార్చి డిస్కును మొదట పెట్టించుకోవడం, ఎప్పుడూ తగిలించి ఉంచే పెన్‌డ్రైవును తీసివేయడం వంటివే పనికొస్తాయి.

ఇంతచేసి బూట్ వేగం పెంచినా, అసలు బూట్ కాకుండా ఉండడమే అన్నిటికన్నా వేగమైన పద్ధతి. రాత్రి కొట్టు కట్టేటప్పుడు కంప్యూటరు షట్‌డౌన్ చేసి, గోడ మీది స్విచ్చి కూడా ఆపేయడం డెల్టా పల్లెల్లో స్థిరపడిన అలవాటు. పిడుగుల కాలంలో ఆ జాగ్రత్తను తప్పుపట్టడానికి లేదు. కానీ పగటిపూట, గిరాకీ లేని అరగంట కోసం కూడా షట్‌డౌన్ చేయడం అనవసరం. స్లీప్ అనే స్థితిలో యంత్రం మెమరీకి మాత్రమే కొద్దిపాటి కరెంటు అందిస్తూ మిగతా భాగాలను నిద్రపుచ్చుతుంది, మీట తాకగానే రెండు మూడు సెకన్లలో ఎక్కడ వదిలిన పని అక్కడే తెర మీదికి వస్తుంది. కరెంటు పోతే మెమరీలోనిది చెరిగిపోతుందన్న భయం డెస్క్‌టాపు విషయంలో న్యాయమైనదే, దానికి విండోసులో హైబ్రిడ్ స్లీప్ అనే మధ్యేమార్గం ఉంది: నిద్రపోయే ముందు మెమరీలోని సర్వాన్నీ డిస్కులోకి కూడా ఎక్కించుకుంటుంది, కరెంటు ఉంటే క్షణంలో లేస్తుంది, పోయి వస్తే డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. ఇక హైబర్నేట్ అంటే మెమరీలోనిదంతా డిస్కులో దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపేయడం. రాత్రి గోడ స్విచ్చి ఆపేవారికి ఇదే తగినది. మరునాడు పొద్దున నిన్నటి చిట్టా తెరిచి ఉన్న స్థితిలోనే దొరుకుతుంది.

విండోస్ 8 వచ్చిన 2012 నుంచి షట్‌డౌన్ అన్న మాట వెనుక ఇంకో సంగతి దాగి ఉంది. ఫాస్ట్ స్టార్టప్ అనే అమరిక పనిచేస్తున్నంత కాలం, షట్‌డౌన్ చేసినపుడు వాడుకరి తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ కెర్నెల్ మాత్రం డిస్కులో యథాతథంగా దాచబడి, మరుసటిసారి అక్కడి నుంచే లేస్తుంది. అందువల్ల బూట్ వేగంగా జరుగుతుంది, అందువల్లనే ప్రింటరు మొరాయించడం వంటి జబ్బులు షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా అలాగే ఉండిపోతాయి. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ చేసినపుడే. ఈ తేడా తెలియక పదేపదే ఆపి వేసేవారు యంత్రాన్ని అకారణంగా తిట్టుకుంటూ ఉంటారు.

మీట నొక్కగానే రాతకు సిద్ధమయ్యే యంత్రం కొత్త కోరిక కాదు. 1983లో అమెరికాలో టాండీ సంస్థ అమ్మిన మోడల్ 100 అనే పుస్తకమంత కంప్యూటరు నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడిచేది. దాని ప్రోగ్రాములన్నీ చిప్‌లోనే ఉండడం వల్ల మీట నొక్కగానే పాత రాత కనిపించేది, విలేకరులు దానిలో వార్త కొట్టి టెలిఫోను తీగ మీదుగా పత్రికకు పంపేవారు. 2004లో వచ్చిన ఆల్ఫాస్మార్ట్ నియో అనే కీబోర్డు యంత్రం మూడు సెల్స్‌తో సుమారు 700 గంటలు పనిచేసేది. ఇవి తెలుగు రాతకు ఉద్దేశించినవి కావు, ఇప్పుడు వాటి కోసం వెతకడమూ దండగే. కానీ వాటిలో బూట్ లేదు, ఎంపికలు లేవు, ఇంటర్నెట్టు లేదు. నేటి కంప్యూటరులో నోట్సు కోసం ఎంత భాగాన్ని వదిలించుకోవచ్చో అవి చూపిస్తాయి.

తెలుగు రాసేవారి విషయంలో తొలి అక్షరం వ్యవధిని తినేసే అసలు మెట్టు డిస్కు కాదు, కీబోర్డు. ఎస్‌ఎస్‌డీ వేయించి బూట్ సమయాన్ని పదిహేను సెకన్లకు దించినవారు సైతం, తెలుగు అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ దానికి రెండింతల సమయం పోగొట్టుకోవడం మామూలే. ఇందులో మూడు తరాల అలవాట్లు కలగాపులగంగా ఉన్నాయి. డీటీపీ సెంటర్లలో పనిచేసినవారికి అను ఫాంట్లూ, యాపిల్ లేదా మాడ్యులర్ కీబోర్డు వరుసలూ వేళ్లకు పట్టి ఉంటాయి. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చోట కూర్చడం వల్ల, పెళ్లి శుభలేఖ అచ్చుకు అది ఎంత బాగా పనికొచ్చినా, అదే పాఠాన్ని ఫోనులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది, తెలుగులో వెతికితే ఏమీ దొరకదు. నోట్సు మాత్రం యూనికోడ్‌లోనే ఉండాలి. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ విడివిడి సంకేతాలు కేటాయించిన ప్రమాణమే యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పు నుంచీ తెలుగుకు 128 స్థానాల గది ఉంది. యాపిల్, మాడ్యులర్ వరుసలు వదలలేనివారికి అవే వరుసలతో యూనికోడ్ ఇచ్చే ఉపకరణాలు దొరుకుతాయి కనుక, వేళ్ల అలవాటును చంపుకోవలసిన అవసరం లేదు.

రెండవ తరం వారు ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొట్టి తెలుగు రప్పించుకుంటారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ అనే పద్ధతి దీనికి పునాది వేసింది, 2006లో వీవెన్ అనే ఆయన చేసిన లేఖిని అనే ఉపకరణం దానిని వేలాది మందికి అలవాటు చేసింది. విండోస్ 10లో 2019 మే నవీకరణ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు అంతర్భాగంగానే వస్తున్నది, విడిగా ఏదీ దించుకోనక్కరలేదు. మూడవది ఇన్‌స్క్రిప్ట్, భారతీయ భాషలన్నిటికీ ఒకే వరుస ఉండేలా ప్రభుత్వం ప్రామాణికం చేసిన కీబోర్డు; ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడిచేతి వైపు హల్లులూ ఎక్కువగా ఉంటాయి. 'పంట' అని రాయడానికి ఇందులో పకారం, సున్న, టకారం అని మూడు మీటలు చాలు. ఆర్‌టీఎస్‌లో అదే మాటకు పి, ఎ, పెద్ద ఎం, పెద్ద టి, ఎ అని అయిదు అక్షరాలు కొట్టాలి, అందులో రెండింటికి షిఫ్ట్ కూడా పట్టుకోవాలి. రోజుకు రెండు పంక్తులు రాసేవారికి ఈ తేడా లెక్కలోనిది కాదు, ఫొనెటిక్‌తోనే సాగిపోవచ్చు. రోజంతా రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్ని వారాల విసుగును భరించడం లాభసాటి, ఎందుకంటే సూచనల పెట్టె వైపు కన్ను తిప్పవలసిన పని దానిలో ఉండదు.

ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసి వదిలేసేవారూ ఉన్నారు, వాట్సాప్ ఆ అలవాటును ఊరూరా పెంచింది. తొలి అక్షరం వ్యవధి ఒక్కటే చూస్తే అది గెలుస్తుంది. కానీ అదే మినుము గురించి ఒకరోజు ఒక వర్ణక్రమంతో, మరోరోజు ఇంకో వర్ణక్రమంతో రాసుకున్నవారు ఫిబ్రవరిలో వెతికితే సగమే దొరుకుతాయి. వేగంగా రాసి దొరకకుండా పోయిన నోట్సుకు, రాయని నోట్సుకు పెద్ద తేడా లేదు.

విండోసులో తెలుగు, ఇంగ్లీషు కీబోర్డుల నడుమ మారడానికి విండోస్ మీటతో స్పేస్ నొక్కితే సరిపోతుందన్నది చాలామందికి తెలుసు. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక్కో ప్రోగ్రాము కిటికీకి ఒక్కో కీబోర్డును గుర్తుంచుకునే అమరిక ఉందని తెలిసినవారు తక్కువ. దానిని ఎంచుకుంటే చిట్టా కిటికీలో తెలుగే నిలిచి ఉంటుంది, పక్కన బిల్లింగ్ కిటికీలో ఇంగ్లీషు ఉంటుంది, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లినపుడు మీట మార్చనక్కరలేదు. రోజుకు అనేకసార్లు దిగవలసిన మెట్టు ఒకటి దీనితో పూర్తిగా పోతుంది. అక్షరాలు స్పష్టంగా కనబడాలంటే విండోసుతో వచ్చే నిర్మలా ఫాంటు చాలు. ఇంకా నిండైన అక్షరం కోరేవారు సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంట్లను చూడవచ్చు. వాటిలో ఒకదాని పేరు 'మండలి' కావడం, 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభల కాలంలో విద్యామంత్రిగా ఉన్న దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఇంటిపేరు ఎరిగిన ఈ ప్రాంతపు పాఠకుడికి సంతోషం కలిగించవచ్చు.

ఇప్పుడు చిట్టా ఎందులో అన్న ప్రశ్న. విండోసు మొదటి కూర్పు వచ్చిన 1985 నుంచీ దానితో పాటే ఉన్న నోట్‌ప్యాడ్ ఈ పనికి చాలు అన్నది ఈ అధ్యాయపు నిశ్చితాభిప్రాయం. అది వెంటనే తెరుచుకుంటుంది, ఖాతా అడగదు, దానిలోని పాఠాన్ని ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా చదవగలదు. దానిలో చాలామంది ఎరుగని సదుపాయం ఒకటి ఉంది: ఫైలు మొదటి పంక్తిలో ఒక చుక్క, వెనువెంటనే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఎల్, ఓ, జీ అని రాసి దాచితే, ఆ ఫైలును తెరిచిన ప్రతిసారీ అప్పటి తేదీ, సమయం చివరన తమంతట తామే పడతాయి. ఫైలు రోజంతా తెరిచే ఉంటే ఎఫ్5 మీట నొక్కినప్పుడల్లా తేదీ, సమయం వచ్చి చేరతాయి. అపుడు చిట్టా ఈ తీరున కనిపిస్తుంది: సమయం, దాని పక్కనే 'తూర్పు కల్లం, తేమ 17.6, రేపు ఆరబెట్టాలి, సంచులు 20 తక్కువ, లారీ సా. 5కి'. పూర్తి వాక్యం అక్కరలేదు, మరునాడు చదివినపుడు అర్థమైతే చాలు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరువరానిది. నోట్‌ప్యాడ్‌లో ఫైలును దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ అనే చోట, అంటే అక్షరాలను ఏ సంకేతాల్లో భద్రపరచాలో తెలిపే చోట, యూటీఎఫ్-8 అని ఉండాలి. 2019 నుంచి వచ్చిన విండోసుల్లో అది దానంతటదే ఉంటుంది. అంతకు ముందటివాటిలో ఏఎన్‌ఎస్ఐ అని ఉండేది, హెచ్చరికను చదవకుండా సరే అని నొక్కితే తెలుగు అంతా ప్రశ్నార్థకాల వరుసగా మారిపోయేది, ఆ తరువాత దానిని తిరిగి తెచ్చే మార్గం లేదు. ఫైలును తెరిచే దారిని కూడా కుదించాలి: డెస్క్‌టాపు మీద ఆ ఫైలుకు షార్ట్‌కట్ పెట్టి, దాని ప్రాపర్టీస్‌లో షార్ట్‌కట్ కీ అన్న చోట ఒక అక్షరం ఇస్తే, కంట్రోల్, ఆల్ట్‌లతో ఆ అక్షరం కలిపి నొక్కగానే చిట్టా తెరుచుకుంటుంది. మౌసు వెతుక్కునే పని ఉండదు. పాస్‌వర్డు విసుగు పోవాలని దానిని పూర్తిగా తీసివేయడం మాత్రం తగదు, ఎందుకంటే చిట్టాలో అరువు లెక్కలూ ఫోను నంబర్లూ చేరతాయి; నాలుగంకెల పిన్ గానీ వేలిముద్ర గానీ పెట్టుకుంటే రెండు సెకన్లకు మించి పట్టదు. ఆధార్ నంబర్లను చిట్టాలో రాయకపోవడమే మంచిది.

విండోస్ 10కి మామూలు నవీకరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ వంటి అర్హతలు కావాలి. వాటికి అందని పాత యంత్రాలకు లుబుంటు, యాంటీఎక్స్, పప్పీ వంటి తేలికపాటి లినక్సు ఆపరేటింగ్ సిస్టములు ఉచితంగా దొరుకుతాయి; పప్పీ అయితే మొత్తంగా మెమరీలోకే ఎక్కి నడుస్తుంది కనుక పాత డిస్కు నెమ్మదిని పెద్దగా పట్టించుకోదు. ఐబస్ అనే ఉపకరణం ద్వారా వాటిలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండూ అమర్చుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో మొత్తం ఆపరేటింగ్ సిస్టమునే తయారు చేసిన చరిత్ర ఉంది. అయితే బిల్లింగ్ సాఫ్ట్‌వేరు విండోసులోనే నడిచే కొట్టులో లినక్సు పెట్టడం తలనొప్పి కొనుక్కోవడమే. అది రెండో యంత్రానికీ, చదువుకునే పిల్లల యంత్రానికీ తగినది. 2011 నుంచి వస్తున్న క్రోమ్‌బుక్ ల్యాప్‌టాపులు త్వరగా మేలుకోవడంలో అన్నిటికన్నా ముందుంటాయి గానీ, వాటి సుఖమంతా గూగుల్ ఖాతాతోనూ ఇంటర్నెట్టుతోనూ ముడిపడి ఉంటుంది.

ఫోను ఎప్పుడూ మేలుకునే ఉంటుంది కదా, కంప్యూటరు ఎందుకన్న ప్రశ్న సహజం. పొలం గట్టు మీదా, కల్లంలోనూ, బస్సులోనూ ఫోనుకు సాటి లేదు. గూగుల్ వారి ఫోను కీబోర్డు అయిన జీబోర్డులో 2017 నుంచి తెలుగులో మాట్లాడి రాయించే వీలు కూడా ఉంది. కానీ నూర్పిడి యంత్రం మోత పక్కన ఆ వీలు అక్కరకు రాదు, ఊళ్ల పేర్లనూ ఇంటిపేర్లనూ అది తరచు తనకు తోచినట్టు మార్చేస్తుంది, అంకెల విషయంలో దానిని నమ్మి సరిచూసుకోకుండా వదలడం ప్రమాదకరం. అంతకు మించిన చిక్కు, నోట్సు కోసం తీసిన ఫోను పది సందేశాలను చూపించి చేతిలోనే ఉండిపోవడం. వాట్సాప్‌లో తనకు తానే సందేశం పంపుకునే వీలు 2022 చివరలో వచ్చింది. బయట ఉన్నపుడు అందులో రాసి, కొట్టుకు వచ్చాక కంప్యూటరులోని వాట్సాప్ తెరిచి చిట్టాలోకి ఎక్కించుకోవడం సరైన పొత్తు. ఇక జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు ఉన్నవారితో ఏ యంత్రమూ పోటీ పడలేదు. చేత్తో రాసినదానిని వెతకవలసి వచ్చేవరకూ ఆ మాట నిజం.

తేదీ, సమయం పడిన చిట్టా విలువ తుఫాను రోజుల్లో బయటపడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినపుడు కృష్ణా డెల్టాలో కోతకు వచ్చిన వరి నేలవాలింది, కుప్పలూ కల్లాల్లోని ధాన్యమూ తడిశాయి. అటువంటి సమయంలో ఏ చేను ఏనాడు కోశారు, ధాన్యం ఎప్పుడు నూర్చారు, నీరు ఎన్ని రోజులు నిలిచింది, నష్టం నమోదుకు వచ్చినవారికి ఏమి చెప్పారు అన్నవి ఆ రోజునే రాసి ఉంటే, నెల తరువాత ఎవరి జ్ఞాపకం సరైనదని వాదించుకునే పని తప్పుతుంది. ఆ రోజుల్లోనే కరెంటు కూడా ఉండదు. అందువల్ల చిట్టాను డెస్క్‌టాపులో నడిపేవారు యూపీఎస్‌ను నమ్ముకోకుండా, తుఫాను హెచ్చరిక రాగానే ఆ ఫైలు ప్రతిని ఫోనులోకి పంపుకుని, కరెంటు వచ్చేదాకా అందులోనే నడిపించాలి.

ప్రతులు తీయడానికి బరువు అడ్డు కాదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 500 సంకేతాల నోట్సు ఒకటి 1500 బైట్లు, అటువంటివి రోజుకు ఇరవై రాసినా ఏడాదికి 11 ఎంబీ దాటదు, అది ఫోనులో తీసిన రెండు మూడు ఫొటోలంత. అయినా ఏడాదంతా ఒకే ఫైలులో ఉంచడం కన్నా నెలకు ఒకటి చొప్పున విడదీసి, పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల అంకె, ఉదాహరణకు 2025-12 అని, పెట్టుకుంటే ఫోల్డరులో అవి కాలక్రమంలోనే వరుస కడతాయి. నెల మారినపుడు షార్ట్‌కట్‌ను కొత్త ఫైలుకు తిప్పాలి. పాతదాని ప్రతి ఒకటి పెన్‌డ్రైవులోకీ, ఇంకొకటి వేరే ఊళ్లో ఉండే కుటుంబ సభ్యుని ఈమెయిలుకో ఫోనుకో పోవాలి, ఎందుకంటే ఇల్లు మునిగినపుడు ఆ ఇంట్లోని పెన్‌డ్రైవూ మునుగుతుంది.

చిట్టా నుంచి ఆవర్జాకు ఎక్కించే పనిని రోజూ సాయంత్రం కొట్టు కట్టే ముందు చేయడం ఉత్తమం, వారానికి ఒకసారైతే జ్ఞాపకం సగం చెరిగి 'తూర్పు కల్లం' అన్నది ఎవరిదో గుర్తుపట్టడం కష్టమవుతుంది. అరువు లెక్కలు బిల్లింగ్ సాఫ్ట్‌వేరులోకి, తేమ, సంచుల వివరాలు ఎక్సెల్ పట్టికలోకి, ఫలానా రోజు ఫలానా వారికి ఫోన్ చేయాలన్నవి ఫోనులోని క్యాలెండరులోకి వెళ్లాలి. ఎక్కించిన పంక్తిని చెరపకూడదు; ముందు ఒక నక్షత్రపు గుర్తు పెడితే చాలు, మరునాడు నక్షత్రం లేని పంక్తులను మాత్రమే చూడవచ్చు. ఎక్కడికీ ఎక్కని పంక్తులు కొన్ని ప్రతి రోజూ మిగులుతాయి: ఎవరో చెప్పిన కొత్త వరి వంగడం పేరు, లాకు దగ్గర నీటిమట్టం గురించి విన్న మాట, పిల్లవాడి ఫీజు గడువు తేదీ వంటివి. వాటికి ఆవర్జాలో పుట వెతకనక్కరలేదు, చిట్టాలోనే ఉండనివ్వవచ్చు. కంట్రోల్‌తో ఎఫ్ మీట నొక్కి ఒక మాట కొడితే, ఆరు నెలల తరువాత కూడా అవి తేదీతో సహా దొరుకుతాయి.